లూచీ, పూరీ, ఆరు కట్టల గడ్డి

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు కదులుతుంది. ఈ చాప మీదే కూర్చోండి. ఫ్యాను చప్పుడుకి నా మాట సగం గాలికి పోతుంది, మిగిలిన సగమైనా మీ చెవిన పడాలి. మా ఖిదిర్‌పూర్ సందులో మల్లికార్జునరావుగారింటికి వరిగడ్డి వచ్చిన సంగతి చెబుతాను. ఇందులో కొంత నేను కళ్ళారా చూసింది, కొంత ఆయన భార్య పున్నమ్మ నా వంటింట్లో పీట వేసుకుని చెప్పింది. రెండూ కలిసిపోయాయి. ఏది ఎవరిదని మధ్యలో అడగకండి.

మల్లికార్జునరావుగారు షాలిమార్ రైల్వే గూడ్సు యార్డులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఏ పని తలపెట్టినా దానికొక రిజిస్టరు, ఒక ఎర్ర పెన్ను ఉండాలి. టికియాపారా క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, వానకి తడిసిన బదిలీ ఉత్తర్వును ఆయన తీగ మీద ఆరేస్తే పక్కింటి జగ్గమ్మ గేదె తినేసింది. మరొకరైతే గేదెను తిట్టి ఊరుకునేవారు. ఈయన గేదె రంగు, కొమ్ముల తీరు, తిన్న సమయం రాసి ఆఫీసుకి రిపోర్టు పెట్టారు. ఆఫీసువాళ్ళు కిక్కురుమనకుండా రెండో కాపీ ఇచ్చారు. అలాంటి మనిషి.

కొడుకు పట్టాభి ఓడ మీద ఇంజనీరు, ఆర్నెల్లకోసారి కనిపిస్తాడు. ఇంట్లో ఉండేది పున్నమ్మ, బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసే కోడలు సుగుణ, పదేళ్ళ మనవరాలు పూజిత. వీళ్ళు కాక రెండు కుందేళ్ళు. మైదా రంగుది లూచీ, అంటే బెంగాలీల మైదాపూరీ; గోధుమపిండి రంగుది పూరీ. బెంగాలీ పిల్లలతో చదువుకునే పిల్లకి అంతకన్నా తగిన పేర్లు తట్టవు.

ఆ కుందేళ్ళని చూస్తే అందరికీ ముద్దే. ఆ ముద్దే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. పొద్దున రొట్టె ముక్క, పదింటికి పున్నమ్మ చేతి మేరీ బిస్కెట్టు, మధ్యాహ్నం నిండు క్యారెట్టు, సాయంత్రం గుప్పెడు మరమరాలు. ఒకనాడు లూచీ పొట్ట బిగదీసుకుని మూల కూర్చుండిపోయింది. పశువుల డాక్టరమ్మ మందు వేసి బతికించి, ఆ తరవాత పావుగంట చీవాట్లు పెట్టింది. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమిలితేనే అరుగుతాయట. పేగు కదలాలన్నా గడ్డే కావాలట. రోజూ దాని ఒళ్ళంత కుప్ప గడ్డి, గుప్పెడు ఆకుకూర, చెంచాడు గుళికల మేత. క్యారెట్టు మనకి మిఠాయి ఎలాగో దానికి అలాగ, గోరంత ముక్క చాలు. రొట్టె, బిస్కెట్టు పేరెత్తకూడదు. "వచ్చే శనివారం తీసుకురండి. పళ్ళూ చూస్తాను, పెంటికలూ చూస్తాను," అంది.

ఇంటికి రాగానే సుగుణ చేతిసంచి బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పింది. ఆవిడ విజయవాడ పిల్ల, మెల్లగా చెప్పిందంటే మాట ఖాయమన్నట్టు. "మావయ్యగారూ, వాటిని మనం పెంచడం లేదు, చంపుతున్నాం. బడ్జ్ బడ్జ్‌లో మా స్నేహితురాలు సమీర వాళ్ళకి పెద్ద పెరడు ఉంది. శనివారం డాక్టరమ్మ బాగుందంటే సరే. లేకపోతే ఆదివారం అక్కడ దింపేసి వస్తాను."

పూజిత ఏడవలేదు. గూడు దగ్గర కూర్చుని కమ్మీల సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టింది. లూచీ ఆ వేళ్ళ మీద తల ఆనించింది. అది చూశాక మల్లికార్జునరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నా సర్వీసులో ఒక్క వ్యాగను దారి తప్పలేదమ్మా. ఇవీ తప్పవు," అన్నారు.

మరునాడే, ఆదివారం పొద్దున ఆరింటికల్లా పథకం తయారు. ఎర్ర పెన్నుతో వేళలు, బరువులు గీతలు కొట్టి రాసిన కాగితం గూటికి అతికించారు. అంతా తెలుగులో రాశారు. పూజితకి తెలుగు చదవడం రాదు, పున్నమ్మకి సంతకం వరకే వచ్చు. చదవగలిగిన సుగుణ బ్యాంకు పనిలో పడి అటు చూడలేదు. తరవాత వ్యాగను తలుపులకి వేసే సీసపు సీలు ఒకటి పెట్టెలోంచి తీసి బిస్కెట్ల డబ్బాకి తీగ చుట్టి బిగించారు.

"నా డబ్బాకి సీలేటండి?" అంది పున్నమ్మ.

"ముద్దు అక్కడినించే కారుతోంది."

"మరి నాను టీలోకి ఏటి తినాలి?"

"శనివారం దాకా ఓర్చుకో."

ఇక మిగిలింది గడ్డి. పెంపుడు జంతువుల దుకాణంలో ఎండుగడ్డి ప్యాకెట్లు అయిపోయాయి, మళ్ళీ రావడానికి పది రోజులు. "గడ్డికి ప్యాకెట్టేమిటి?" అని ఆయన అక్కడినించి నేరుగా కాళీఘాట్ పటువా పాడాకి నడిచారు. విగ్రహాలు చేసేవాళ్ళ వీధి అది. వెదురు చట్రానికి వరిగడ్డి చుట్టి దాని మీద మట్టి మెత్తుతారు కదా, భాద్రపదం వచ్చిందంటే అక్కడ గడ్డి మేడంత ఎత్తున ఉంటుంది. ఎండినదే గడ్డి, గడ్డే ఎండినది అనుకున్నారాయన. మనవాళ్ళకి ఎండుగడ్డి అంటే వరిగడ్డే మరి.

హరిపద పాల్ అనే ముసలి శిల్పి తడి చేతులతో పలకరించాడు. "గడ్డి ఎవరికి, దాదా?"

కుందేలుకి అనడానికి ఆయనకి నోరు రాలేదు. రైళ్ళకి రైళ్ళు సరుకు నడిపించిన మనిషి కుందేలు కోసం గడ్డి అడుక్కోవడమా? "మా ఇంట్లో ఒకరున్నారు," అన్నారు. "మా మనవరాలికి ప్రాణం."

"ఎలా ఉంటారు?"

"పెద్ద చెవులు. తిండి అంటే ఇష్టం, అందుకని పొట్ట కాస్త ఎక్కువ."

హరిపద మొహం వెలిగింది. శుక్రవారం వినాయక చవితి. దక్షిణాది వాళ్ళు ఆ పండగ చేస్తారని అతనికి తెలుసు. "ఎప్పటికి సిద్ధం కావాలి?"

"శనివారం చూసుకోవాలి. శుక్రవారానికే కుదురుకుంటే మరీ మంచిది."

"పొట్ట ఎంత ఉండమంటారు?"

"తగ్గాలి. అదే ముఖ్యం."

హరిపద చెయ్యి మట్టిలోనే ఆగిపోయింది. "పొట్ట తగ్గితే ఆయన ఆయనలా ఉండడు, దాదా."

"ఆరోగ్యంగా ఉంటాడు. మా ఇంట్లో అంతా ఒక్క మాట మీదున్నాం."

"మీ పద్ధతి మీది," అన్నాడు హరిపద. చిరునామా రాసుకున్నాడు. ఆరు కట్టలు మూడు చక్రాల బండి మీద ముందుగా పంపిస్తాను, తక్కినవి నేనే తెస్తాను అన్నాడు. ఆ తక్కినవేమిటో ఈయన అడగలేదు. గడ్డిలోనే ఇంకాస్త కాబోలనుకున్నారు.

చవితి వారంలో మా సందులోకి వరిగడ్డి వచ్చిందంటే అది విగ్రహానికే వస్తుంది. బండి గేటు ముందు ఆగేసరికి పాడా క్లబ్బు, అంటే మా పేట క్లబ్బు, సెక్రటరీ నిమాయ్ చూడనే చూశాడు. దుర్గపూజ పందిరి వేయించేది ఆ అబ్బాయే. మరునాడు పొద్దున మెట్ల మీద మల్లికార్జునరావుగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మేసోమొశాయ్, మాతో ఒక్క మాటైనా చెప్పలేదు. పాడా అంతటికీ తెలిసిపోయింది. అందరికీ సంతోషమే."

బాబాయిగారూ అని అంత గౌరవంగా పిలిచేసరికి ఈయనకి మనసు కరిగింది. మేడ మీద పిల్లలంతా లూచీతో ఆడేవాళ్ళే, దాని జబ్బు సంగతి ఊరంతా పాకిందనుకున్నారు. "మీ అందరి దయ," అన్నారు.

"మేమూ ఏదో ఒకటి తెచ్చి పెడతాం. ఏం పెట్టమంటారు? లడ్డూలు, మోదకాలు?"

"మోదకాలా? చంపుతారా ఏమిటి?"

నిమాయ్ ఒక మెట్టు కిందికి దిగాడు.

"తీపి అన్నది గడప దాటి రాకూడదు," అన్నారు మల్లికార్జునరావుగారు, చూపుడువేలు ఎత్తి. "గడ్డి. గడ్డి ఒక్కటే. లేత పచ్చగడ్డి దొరికితే ఇంకా మంచిది. కడిగి తేవాలి. పళ్ళు కూడా వద్దు."

"పళ్ళు కూడా?"

"గోరంత. అదీ వారానికోసారి."

నిమాయ్ ఆ మాటలు ఫోనులో రాసుకున్నాడు. సాయంత్రానికి వీధిలో ప్రతి గడపకీ తెలిసింది: దక్షిణాదిలో వినాయకుడికి దూర్వా గడ్డి, అదే మన గరిక, తప్ప ఏదీ పనికిరాదు, నియమం చాలా కఠినం.

ఇక్కడ గూటిలో మరో కథ. లూచీ, పూరీ వరిగడ్డిని వాసన చూసి, దాని మీదికెక్కి, గుండ్రంగా తిరిగి పడుకున్నాయి. పాతగడ్డి, దుమ్ము, పరుపుకి మాత్రం దివ్యంగా ఉంది. ఈయన పట్టుదల వదలకుండా దాన్ని కత్తెరతో చిన్నచిన్నగా కత్తిరించారు, కొత్తిమీర నీళ్ళు చల్లారు, ఒక పరక తానే నమిలి చూపించారు.

"జగ్గమ్మ గేదె కూడా ఇలాటిది తిన్లేదండి," అంది పున్నమ్మ. "అది మీ కాగితమే తినీసింది గాని దీని జోలికొచ్చీది కాదు."

"అలవాటు కావాలి. కొత్త లైను మీద ఇంజను మెల్లగానే నడుస్తుంది."

బుధవారం ఆయన పింఛను పని మీద గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసుకి వెళ్ళినప్పుడు హరిపద వచ్చాడు, వెదురు కర్రలు, మట్టి మూట, మట్టి ఆరబెట్టే మంట యంత్రం వెంటబెట్టుకుని. "వినాయకుడికి నాలుగడుగుల ఎత్తు సరిపోతుందా, బౌదీ? వానలు కదా, మంట పెట్టి ఆరబెడతాను," అన్నాడు.

బౌదీ అంటే వదినగారు. పున్నమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ప్రతి ఏడూ ఆవిడే ఎక్కడెక్కడో తిరిగి చేతిలో పట్టేంత మట్టి వినాయకుణ్ణి తెచ్చుకునేది. ఈసారి మొగుడు అడక్కుండానే పెద్ద విగ్రహం పురమాయించాడు. నాతో చెప్పినప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నలభై ఏళ్ళలో నాను అడక్కుండా సేసిన మొదటి పనండి. అడిగితే బాగోదని నాను కూడా ఊరుకున్నాను."

హరిపద తన గడ్డి అడిగాడు. తినని గడ్డి ఇంట్లో ఎందుకని ఆవిడ ఆరు కట్టలూ, గూటిలో పరిచింది కూడా దులిపి ఇచ్చేసింది. కింద కార్లు పెట్టే చోట గుడ్డ అడ్డం కట్టి అతను పని మొదలుపెట్టాడు.

మల్లికార్జునరావుగారు తిరిగొచ్చారు. కింద గుడ్డ చాటున మట్టి పని కనబడింది. క్లబ్బువాళ్ళు ఏదో చేయిస్తున్నారనుకున్నారు. క్లబ్బువాళ్ళు ఆయన్ని చూసి నమస్కారం పెట్టారు, ఆయన ప్రతినమస్కారం పెట్టారు. పైకి వచ్చి బాల్కనీ చూశారు. గడ్డి ఒక్క పరక లేదు.

ఆయన అక్కడే నిలబడి రిజిస్టరు తీశారు. 'ఆరు కట్టలు. పూర్తిగా వినియోగం' అని రాసి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం సుగుణ రిజిస్టరు చూసింది, కుందేళ్ళని చూసింది, గూటి కింది పళ్ళెం చూసింది. "మావయ్యగారూ, ఆరు కట్టలు తింటే ఈపాటికి ఇవి ఆవులైపోవాలి. పళ్ళెంలో చూడండి, పది పెంటికలు కూడా లేవు."

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. బుకింగు ఉంది, డెలివరీ లేదు. అలాంటి లెక్క ఆయన సర్వీసులో ఎప్పుడూ తేలకుండా పోలేదు.

గురువారం లూచీ నాలుగు కొత్తిమీర కాడలు తిని ఊరుకుంది. పూజిత బడి నించి వచ్చి, పుస్తకాలు తీసేసిన సంచిలో కుందేళ్ళ నీళ్ళ గిన్నె, దువ్వెన, పాత తువ్వాలు సర్దింది. "ఏంట్రా ఇది?" అని తాత అడిగితే, "ఆదివారం కంగారులో మర్చిపోతాం కదా, తాతా," అంది. అంతే అంది. ఆయన లోపలికి వెళ్ళి పున్నమ్మ కుట్టుపెట్టెలోంచి పెద్ద కత్తెర తీసుకున్నారు.

"రేపు తెల్లారగానే మైదానానికి పోతాను. కోటంత గడ్డి ఉంది అక్కడ. నేనే కోస్తాను."

"పండగపూట గడ్డి కోస్తారేటి, ఈ వయసులో?"

"పండగైనా కోస్తాను, పోలీసులొచ్చినా కోస్తాను."

శుక్రవారం తెల్లారింది. కత్తెర, బియ్యం సంచి పట్టుకుని ఆయన తలుపు తీశారు. మెట్ల పొడవునా మనుషులు. ముందు ధోతీ కట్టుకుని నిమాయ్, వెనక పాడా ఆడవాళ్ళు, పై అంతస్తులో అందరూ ఠాకూమా అని పిలిచే నాయనమ్మ, చివర నేను. అందరి చేతుల్లోనూ గడ్డే. లేత పచ్చని గరిక, కడిగి నీళ్ళోడుతున్న గరిక, మోపులు, దండలు. గంగ ఒడ్డు పూలబజారులో ఆ పొద్దున గరిక పరక మిగిలి ఉండదు.

"మేసోమొశాయ్, మీరు చెప్పినట్టే," అన్నాడు నిమాయ్. "ఒక్క మిఠాయి లేదు, ఒక్క పండు లేదు. ఇదంతా ఆయనకే."

మల్లికార్జునరావుగారు కత్తెర సంచిలో పడేశారు. "ఇది ఎంత అవసరమో మీకెలా తెలిసింది?" అన్నారు. మొదటి దండ రెండు చేతులతో అందుకుని లోపలికి నడిచారు. జనం చెప్పులు విడిచి, తలల మీద కొంగులు కప్పుకుని వెనకాలే వెళ్ళారు. ఆయన హాలు దాటి, పూజగది దాటి, బాల్కనీలో మోకాళ్ళ మీద కూర్చుని గరిక దండ తెల్ల కుందేలు ముందు పెట్టారు.

లూచీ ముక్కు కదిపింది. ఒక పరక లాగింది. తరవాత ఇంకోటి. కరకర మని చప్పుడు మొదలైంది. మూల నించి పూరీ కూడా వచ్చి దండ రెండో కొస అందుకుంది.

"తాతా, ఖాచ్ఛే," అంది పూజిత నేల మీద బోర్లా పడుకుని. "తింటోంది, తాతా."

నిమాయ్ ఇల్లంతా కలయజూశాడు. "మేసోమొశాయ్, మరి ఠాకూర్ ఎక్కడ?"

"ఏ ఠాకూర్?"

"గణేశ్ ఠాకూర్."

"కింద మీ క్లబ్బువాళ్ళు చేయిస్తున్నది ఆయన్నేనా?"

"మావాళ్ళా? అది మీది కదా."

పున్నమ్మ పసుపు చేతులతో వంటింట్లోంచి వచ్చింది. "ఈయనే కదండి సేయించేరు. గడ్డి కూడా నానే ఇచ్చేను."

ఆరు కట్టల లెక్క అప్పుడు తేలింది. అందరూ హరిపద వైపు తిరిగారు. రంగుల పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. అతను లూచీ చెవులు చూశాడు, లూచీ పొట్ట చూశాడు. "పెద్ద చెవులన్నారు," అన్నాడు నెమ్మదిగా. "తిండి ఇష్టమన్నారు. పొట్ట తగ్గించమన్నారు. తగ్గించాను."

కిందికి దిగి గుడ్డ తొలగించి చూశాం. నిజమే, నాలుగడుగుల వినాయకుడు, నడుము సన్నంగా, రోజూ వ్యాయామం చేసేవాడిలా నిలబడి ఉన్నాడు. నవ్వాలో దణ్ణం పెట్టాలో ఎవరికీ తోచలేదు. మల్లికార్జునరావుగారు సంచి పట్టుకుని గోడ వైపు చూస్తున్నారు. ఆ పరిస్థితిలో ఠాకూమా నోరు విప్పింది. తొంభై ఏళ్ళ మనిషి, ఆవిడ మాటకి ఎదురు లేదు. "డెబ్భై ఏళ్ళుగా దేవుడికి పెడుతున్నాను. పెట్టింది కళ్ళ ముందు తిన్నది ఇవాళే చూశాను. ఇందులో తప్పేముంది? గడ్డి ముందు ఈ స్వామి పాదాల దగ్గర పెట్టండి, తరవాత పైకి పంపండి."

అలాగే చేశారు. విగ్రహం బాధ్యత క్లబ్బు తీసుకుంది. పూజ అయ్యాక మోపులు మోపులుగా గరిక మేడ మీదికి వచ్చింది. రాత్రీ పగలూ లూచీ, పూరీ నములుతూనే ఉన్నాయి. మిగిలింది పూజిత నీడలో పరిచి ఆరబెట్టింది.

శనివారం డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, పెదవి ఎత్తి పళ్ళు చూసింది, పూజిత డబ్బాలో తెచ్చిన పెంటికలు చూసింది. శనగగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. "ఇదీ మేత అంటే," అంది. "ఇలాగే సాగనివ్వండి, పళ్ళు వాటంతటవే అరుగుతాయి. వరిగడ్డి వేస్తుంటారు కొందరు, అది పరుపుకే పనికొస్తుంది, పొట్టకి పచ్చిక కావాలి. ఎంత మేలైన గడ్డి, ఏ దుకాణంలో కొన్నారు?"

సుగుణ మామగారి వైపు చూసింది. "దుకాణంలో కాదండి. ఇంటికే వచ్చింది," అని, అక్కడే సమీరకి ఫోను చేసి ఆదివారం రావడం లేదని చెప్పేసింది. పూజిత ఇంటికొచ్చి సంచిలోంచి గిన్నె, దువ్వెన, తువ్వాలు ఒక్కొక్కటే తీసి ఎక్కడివక్కడ పెట్టింది.

ఒక్క సంగతి మిగిలింది. మల్లికార్జునరావుగారికి ఉండ్రాళ్ళంటే ప్రాణం, ఏడాదంతా చవితి కోసమే కాచుకుంటారు. ఆ శుక్రవారం పున్నమ్మ బెల్లం వేసి ఇరవయ్యొక్కటి చేసి పళ్ళెంలో కిందికి తీసుకెళ్ళబోతే నిమాయ్ గుమ్మంలోనే చేతులడ్డం పెట్టి, "తీపి గడప దాటకూడదు, మాసీమా. మేసోమొశాయ్ మాట," అన్నాడట. అది కుందేలుకయ్యా అని ఈయన మొత్తుకుంటే, సుగుణ ఆయన సుగరు రిపోర్టు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. పున్నమ్మ బిస్కెట్ల డబ్బా సీలు కత్తిరించి, ఆ తీగతోనే ఉండ్రాళ్ళ డబ్బా బిగించింది.

ఇదీ జరిగింది. గుర్తు పెట్టుకుని మీరు కూడా నలుగురికీ చెప్పండి. కుందేళ్ళున్న ఇల్లు కనబడితే తప్పకుండా చెప్పండి: గడ్డి ముందు, క్యారెట్టు గోరంత, బిస్కెట్టు లేనే లేదు. చెప్పేటప్పుడు మల్లికార్జునరావుగారి పేరు మార్చకండి, తప్పులుంటే ఆయన రిపోర్టు రాస్తారు.